బొమ్మ కారు చవకే.. బ్యాటరీతోనే బరువు
చార్జరు చూసి కొంటే ఖర్చు ఆదా, ఇంటికి రక్ష

రామారెడ్డి: కార్తీక మాసంలో ఇసన్నపల్లి-రామారెడ్డి కాలభైరవస్వామి ఉత్సవాలకు వచ్చే పిల్లలకు దేవుడి దర్శనం ఒక ఎత్తయితే, బొమ్మల దుకాణాలు మరో ఎత్తు. బుడగతోనో, ఊదే పీకతోనో సరిపెట్టుకునే కాలం పోయింది. రిమోటు నొక్కితే రయ్యిన పరుగెత్తే కారు కనిపిస్తే పిల్లవాడు అక్కడి నుంచి కదలడు. బేరమాడి, కొంత తగ్గించుకుని తండ్రి ఆ కారు కొనక తప్పదు. జాతరలో కొనని ఇళ్లకు దుబాయి నుంచో, మస్కట్ నుంచో సెలవు మీద వచ్చే మేనమామ పెట్టెలో రిమోటు కారు వస్తుంది.

అయితే ఈ ముచ్చట చాలా ఇళ్లలో వారం పది రోజుల్లోనే ముగుస్తోంది. కారు అటక ఎక్కుతుంది. పిల్లవాడు పాడుచేశాడని పెద్దలు, బొమ్మే మంచిది కాదని పిల్లవాడు అనుకుంటారు. నిజానికి తప్పు ఎక్కువసార్లు ఇద్దరిదీ కాదు, కారుదీ కాదు. తగిన బ్యాటరీ లేకపోవడం, బ్యాటరీకి తగిన చార్జరు లేకపోవడమే అసలు కారణం. కారు ధర ఒక్కసారే ఇస్తాం. సెల్లుల ఖర్చు మాత్రం ఆట సాగినన్నాళ్లూ వుంటుంది. దినమంతా బీడీలు చుట్టి కూలి తెచ్చే ఇళ్లలో ఇది చిన్న ఖర్చేమీ కాదు. పైగా తెలియక పెట్టిన చార్జరు డబ్బునే కాదు, ఇంటినే ప్రమాదంలో పడేస్తుంది. కొనే ముందు నాలుగు సంగతులు తెలుసుకుంటే ఈ రెండు నష్టాలనూ తప్పించుకోవచ్చు.

సీసం నుంచి లిథియం దాకా

దూరం నుంచి తీగ లేకుండా వాహనాన్ని నడపడం కొత్త విద్య కాదు. 1898లోనే నికోలా టెస్లా న్యూయార్క్‌లో చిన్న పడవను రేడియో తరంగాలతో నడిపి చూపాడు. బ్యాటరీతో నడిచే రేడియో కార్లను జపాన్‌కు చెందిన టమియా కంపెనీ 1976 నుంచి అమ్మింది. ఆ కార్లకు ప్రాణం పోసింది నికెల్-కాడ్మియం బ్యాటరీ. దానిని స్వీడన్‌కు చెందిన వాల్డెమార్ యుంగ్నర్ 1899లో కనిపెట్టాడు. లిథియం-అయాన్ బ్యాటరీని సోనీ కంపెనీ 1991లో మార్కెట్లోకి తెచ్చింది. ఆ బ్యాటరీకి పునాది వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

బ్యాటరీల పరిశ్రమ మన ప్రాంతానికీ కొత్తేమీ కాదు. 1977లో హైదరాబాద్ బ్యాటరీస్ పేరుతో మొదలైన సంస్థ నికెల్-కాడ్మియం బ్యాటరీల తయారీలో పేరు తెచ్చుకుంది. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లి వద్ద లిథియం బ్యాటరీల కర్మాగారానికి అమరరాజా సంస్థ 2023 మే నెలలో శంకుస్థాపన చేసింది. ఇంత దగ్గరగా తయారయ్యే వస్తువే అయినా, దానిని ఎలా వాడాలో తెలిసినవారు ఊళ్లలో తక్కువే.

బొమ్మ కార్లలో ప్రధానంగా నాలుగు రకాల బ్యాటరీలు కనిపిస్తాయి. ఒకటి, వాడి పారేసే పెన్సిల్ సెల్లు. రెండు, మళ్లీ మళ్లీ చార్జి చేసే నికెల్ సెల్లు. మూడు, లిథియం. నాలుగు, పిల్లలు ఎక్కి కూర్చుని నడిపే పెద్ద కార్లలో వుండే సీసం బ్యాటరీ. దేని పద్ధతి దానిదే. ఒకదాని చార్జరు మరొకదానికి పనికిరాదు. మిగతా విషయాలు మరచినా ఈ ఒక్కటి గుర్తుంచుకోవాలి.

ట్యాంకు ఎత్తు వోల్టు, పట్టే నీరు ఎం.ఏ.హెచ్.

బ్యాటరీ మీద రెండు అంకెలు ముఖ్యం. ఒకటి వోల్టు, రెండోది ఎం.ఏ.హెచ్., అంటే మిల్లీ ఆంపియర్ అవర్. ఊళ్లోని వాటర్ ట్యాంకుతో పోల్చుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. ట్యాంకు ఎంత ఎత్తులో వుంటే నల్లాలో నీరు అంత వేగంగా వస్తుంది. ఆ ఎత్తు వంటిది వోల్టు. ట్యాంకులో ఎంత నీరు పడుతుందో చెప్పేది ఎం.ఏ.హెచ్. ఎత్తు అవసరానికి మించితే పైపు పగులుతుంది. వోల్టు మించితే కారులోని మోటారు, సర్క్యూటు కాలిపోతాయి. నీరు ఎక్కువ పట్టడం వల్ల నష్టం లేదు, నల్లా ఎక్కువసేపు వస్తుంది అంతే.

కనుక కొత్త బ్యాటరీ కొనేటప్పుడు వోల్టు పాతదానితో సరిగ్గా కలవాలి. ఎం.ఏ.హెచ్. కొంత ఎక్కువైనా ఫరవాలేదు. కాని బ్యాటరీ కారు గూడులో ఇమడాలి. బలవంతంగా దూర్చిన బ్యాటరీ వైరు నలిగి షార్టు అవుతుంది.

ఎంతసేపు నడుస్తుందన్నది కూడా లెక్కకు అందేదే. 500 ఎం.ఏ.హెచ్. అంటే అర ఆంపియరు చొప్పున వాడితే గంటసేపు వస్తుంది. కారు సగటున ఒకటిన్నర ఆంపియర్లు లాగితే 20 నిమిషాల్లో అయిపోతుంది. ఇరవై నిమిషాలకే ఆగింది కాబట్టి కారు మంచిది కాదనడం తొందరపాటు. ఆట ఎక్కువసేపు కావాలంటే గూడులో పట్టని పెద్ద బ్యాటరీకి బదులు అదే రకం మరొకటి కొనుక్కోవడం మేలు. ఒకటి ఆటలో వుంటే మరొకటి చార్జింగులో వుంటుంది.

బ్యాటరీ ఏ రకమో తెలుసుకోవడానికి వోల్టు అంకె కొంత సాయపడుతుంది. నికెల్ సెల్లు ఒక్కొక్కటి 1.2 వోల్టులు. మూడు కలిస్తే 3.6, నాలుగు కలిస్తే 4.8, అయిదు కలిస్తే 6, ఆరు కలిస్తే 7.2. లిథియం సెల్లు ఒకటి 3.7, రెండు కలిస్తే 7.4, మూడు కలిస్తే 11.1. అయితే కొన్ని లిథియం బ్యాటరీల మీద 3.6, 7.2 అని కూడా వుంటుంది. కాబట్టి అంకెతో పాటు ఇంగ్లీషు అక్షరాలనూ చదవాలి. ఎన్.ఐ.-సి.డి. అంటే నికెల్-కాడ్మియం, ఎన్.ఐ.-ఎం.హెచ్. అంటే నికెల్-మెటల్ హైడ్రైడ్, ఎల్.ఐ.తో మొదలైతే లిథియం. చదవలేని పెద్దలు ఉన్నత పాఠశాలలో చదివే పిల్లలను అడిగితే చెబుతారు.

పదిహేడో సెట్టుకు పెట్టుబడి తిరుగుతుంది

పెన్సిల్ సెల్లులతో నడిచే కారు చూడడానికి చవక. కాని గడియారంలో ఏడాది పనిచేసే మామూలు సెల్లు కారులో గంటసేపు కూడా నిలవకపోవచ్చు. గడియారం కరెంటును చుక్క చుక్కగా తీసుకుంటుంది. మోటారు ఒక్కసారే గుంజుతుంది. అగ్గువకు దొరికే జింక్-కార్బన్ సెల్లు ఆ గుంజుడుకు తట్టుకోలేదు. ఆల్కలైన్ సెల్లు అంతకంటే ఎక్కువసేపు వస్తుంది, ధరా ఎక్కువే.

లెక్క కోసం సెల్లు ఒకటి 15 రూపాయలనుకుందాం. కారుకు నాలుగు కావాలి, అంటే సెట్టుకు 60 రూపాయలు. చార్జి చేసుకునే నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లులు నాలుగూ, వాటి చార్జరూ కలిపి వెయ్యి రూపాయలనుకుందాం. పదిహేడు సెట్లు కొనేసరికి 1,020 రూపాయలు అవుతాయి. అంటే పదిహేడోసారి చార్జి చేసేటప్పటికి పెట్టుబడి తిరిగి వచ్చినట్లే. సరిగ్గా వాడితే ఇటువంటి సెల్లులను వందలసార్లు చార్జి చేయవచ్చు. కరెంటు బిల్లు భయం అక్కరలేదు. 2000 ఎం.ఏ.హెచ్. సెల్లులు నాలుగింటిలో పట్టే విద్యుత్తు పది వాట్ అవర్ల లోపే. వృథా అయ్యేది కలిపి రెండింతలు లెక్కించినా ఒక యూనిట్‌తో యాభైసార్లు చార్జి చేయవచ్చు.

మామూలు సెల్లు 1.5 వోల్టులు కదా, 1.2 వోల్టుల సెల్లుతో కారు నడుస్తుందా అన్న సందేహం సహజం. చాలా కార్లు నడుస్తాయి. మామూలు సెల్లు మోటారు గుంజుడుకు త్వరగా దిగిపోతుంది. నికెల్ సెల్లు చివరిదాకా దాదాపు ఒకే తీరున ఇస్తుంది.

ఈ సెల్లులు కొనేటప్పుడు పెద్ద అంకెకు మోసపోరాదు. పెన్సిల్ సెల్లు కొలతలో మంచి కంపెనీల నికెల్ సెల్లులు సాధారణంగా 2000 నుంచి 2800 ఎం.ఏ.హెచ్. లోపే వుంటాయి. 4000 అని వుంటే నమ్మరాదు. ఆదివారాలు మాత్రమే ఆడే పిల్లలుంటే 'రెడీ టు యూజ్' అని రాసివున్న రకం మంచిది. మామూలు నికెల్ సెల్లు వాడకున్నా నెల తిరిగేసరికి కొంత చార్జి దానంతటదే పోతుంది. 2005లో సాన్యో కంపెనీ తెచ్చిన ఈ రకం నెలల తరబడి నిలువ వుంచుకుంటుంది.

పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి వేయడం మరో పొరపాటు. బలహీనమైన సెల్లు ముందుగా ఖాళీ అయి, మిగతావాటి తోపుడుకు తిరగబడి పాడవుతుంది. నాలుగూ ఒకేసారి కొని, ఒకేసారి చార్జి చేసి, ఒకేసారి వాడాలి. వాడి పారేసే సెల్లులను ఆట అయ్యాక కారులో వదిలేస్తే కారి, స్ప్రింగులకు చిలుము పట్టిస్తాయి. చార్జి చేయరాదని వాటి మీద రాసివుంటుంది. ఎండలో పెట్టినా, కొరికినా వాటికి ప్రాణం రాదు.

వేషం ఒకటి, గుణం మరొకటి

మార్కెట్లో అచ్చం పెన్సిల్ సెల్లు లాగే వుండే లిథియం సెల్లు ఒకటి దొరుకుతోంది. దాని పేరు 14500. అంటే 14 మిల్లీమీటర్ల లావు, 50 మిల్లీమీటర్ల పొడవు. పెన్సిల్ సెల్లు గూడులో చక్కగా కూర్చుంటుంది. కాని అది 1.5 వోల్టులది కాదు, 3.7 వోల్టులది. నిండా చార్జి అయితే 4.2 వోల్టులు. రెండు పెన్సిల్ సెల్లులు పట్టే కారులో ఇవి రెండు వేస్తే 3 వోల్టులకు బదులు 8.4 వోల్టులు పడతాయి. కారు ఒక్క క్షణం గుర్రంలా దౌడు తీసి కాలిపోతుంది. దీనిని నికెల్ సెల్లుల చార్జరులో పెడితే ఇంకా ప్రమాదం. ఆ చార్జరుకు 4.2 దగ్గర ఆపాలని తెలియదు. సెల్లు వేడెక్కి, ఉబ్బి, మంటలు రావచ్చు.

ఇంకొంచెం పెద్దదైన 18650 సెల్లులతోనూ మోసం ఎక్కువే. ఈ కొలతలో పేరున్న కంపెనీల సెల్లులు చాలావరకు 2000 నుంచి 3600 ఎం.ఏ.హెచ్. మధ్య వుంటాయి. 9800 అని ముద్రించినవి వుంటున్నాయి. ఆ అంకె పచ్చి అబద్ధం. అసలైన సెల్లు ఒకటి 45 గ్రాముల వరకు తూగుతుంది. మరీ తేలికగా వుంటే అనుమానించాలి.

చార్జరుకు గడియారమే తోడు

కారుతో పాటు వచ్చే చార్జరు తరచూ రెండు రకాలుగా వుంటుంది. గోడ ప్లగ్గులో పెట్టే చిన్న అడాప్టరు ఒకటి, యు.ఎస్.బి. వైరు రెండోది. నికెల్ బ్యాటరీలకు ఇచ్చే చవక అడాప్టర్లలో బ్యాటరీ నిండగానే ఆగే ఏర్పాటు వుండదు. లైటు వెలుగుతూనే వుంటుంది, కరెంటు పోతూనే వుంటుంది. ఎంతసేపు పెట్టాలో మనమే లెక్క కట్టాలి.

ఆ లెక్క ఇది. బ్యాటరీ ఎం.ఏ.హెచ్.ను 1.4తో హెచ్చించి, చార్జరు మీద ఔట్‌పుట్ అని వున్నచోట రాసిన మిల్లీ ఆంపియర్లతో భాగించాలి. 700 ఎం.ఏ.హెచ్. నికెల్ బ్యాటరీకి 250 మిల్లీ ఆంపియర్ల చార్జరు అయితే సుమారు నాలుగు గంటలు. 2000 ఎం.ఏ.హెచ్. పెన్సిల్ సెల్లుకు 200 మిల్లీ ఆంపియర్ల చార్జరు అయితే 14 గంటలు. ఈ లెక్క బ్యాటరీ ఖాళీగా వున్నప్పటిది. సగం వాడిన బ్యాటరీకి సగం కాలమే చాలు. పొద్దున పెట్టి లెక్కకు తీసేయాలి. రాత్రి పెట్టి పడుకోవడం మంచి అలవాటు కాదు. కొంచెం ఎక్కువ పెట్టి, సెల్లు నిండగానే తానే ఆగే చార్జరు కొంటే ఈ కాపలా తగ్గుతుంది. అందులోనూ ఒక్కో సెల్లును విడిగా చూసే రకం మేలు.

లిథియం బ్యాటరీకి లిథియం చార్జరే వాడాలి. 3.7 వోల్టుల బ్యాటరీకి వచ్చే యు.ఎస్.బి. వైరులో చిన్న సర్క్యూటు వుంటుంది. అది 4.2 వోల్టుల వద్ద ఆపుతుంది. ఆ వైరును మంచి సెల్‌ఫోను చార్జరుకు తగిలించుకోవచ్చు. కాని ఆ వైరు పోయిందని సెల్‌ఫోను వైరు కోసి ఎరుపు, నలుపు తీగలను నేరుగా బ్యాటరీకి చుట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఫోను చార్జరు 5 వోల్టులు ఇస్తుంది. మధ్యలో అడ్డుకునే సర్క్యూటు వుండదు.

7.4 వోల్టుల బ్యాటరీలో రెండు సెల్లులుంటాయి. రెండూ సమానంగా నిండాలంటే మూడు తీగల తెల్ల ప్లగ్గు వుండే బ్యాలెన్సు చార్జరు కావాలి. ఒకటి ముందు నిండి, రెండోది వెనుకబడితే ముందుదాని మీద భారం పడుతుంది. ఎంత వేగంగా చార్జి చేయాలన్నదానికీ హద్దు వుంది. 1500 ఎం.ఏ.హెచ్. బ్యాటరీకి ఒకటిన్నర ఆంపియర్లకు మించకుండా చూసుకోవాలి. అంతకంటే తక్కువైతే సమయం పడుతుంది, నష్టం లేదు. కొన్ని బ్యాటరీల మీద 20 సి, 30 సి అని వుంటుంది. బ్యాటరీ ఎంత వేగంగా కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె అది. 1500 ఎం.ఏ.హెచ్., 20 సి అంటే 30 ఆంపియర్లు. పందెం కార్లకు తప్ప పిల్లల బొమ్మలకు అంత అవసరం లేదు. ఆ అంకె కోసం ఎక్కువ ధర పెట్టనక్కరలేదు.

ప్లగ్గు సరిపోయింది కదా అని కలిపేయడం కూడా తగదు. ఒకే ఆకారంలో వున్న ప్లగ్గుల్లో ఎరుపు, నలుపు తీగలు అటుది ఇటు, ఇటుది అటు వుండే అవకాశం వుంది. రంగుకు రంగు ఎదురుగా వుందో లేదో చూసి గాని కలపరాదు.

గల్ఫ్ పెట్టె, అమెరికా పార్సిలు

కామారెడ్డి, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు ఊరూరా వున్నారు. వారు తెచ్చే కార్ల చార్జర్లకు మూడు చదరపు పుల్లల ప్లగ్గు వుంటుంది. అది మన బోర్డులో పట్టదు. పుల్లలు విరిచి, తీగలను అగ్గిపుల్లలతో గుచ్చే అలవాటు ప్రమాదకరం. బిగుతుగా కూర్చునే ప్లగ్గు మార్పిడి అడాప్టరు వాడాలి. దుబాయిలో కరెంటు మన దగ్గర లాగే 230 వోల్టులు, కాబట్టి అక్కడి చార్జరు ఇక్కడ పనిచేస్తుంది.

అమెరికా నుంచి వచ్చిన చార్జరు సంగతి వేరు. అక్కడి ఇళ్లలో 120 వోల్టులే. చార్జరు మీద ఇన్‌పుట్ అన్నచోట 100-240 వోల్టులు అని వుంటే నిర్భయంగా వాడవచ్చు. 120 అని మాత్రమే వుంటే మన ప్లగ్గులో పెట్టగానే కాలిపోతుంది. ప్లగ్గు ఆకారాన్ని మార్చే అడాప్టరు వోల్టును మార్చదని గమనించాలి.

సెలవు మీద వచ్చేవారు తెలుసుకోవలసిన సంగతి మరొకటి వుంది. విడి లిథియం బ్యాటరీలను విమానం కింద వేసే పెట్టెలో పెట్టనివ్వరు. చేతి సంచిలో, కొసలకు టేపు అంటించి తీసుకురావాలి. వంద వాట్ అవర్ల వరకు సాధారణంగా అనుమతి వుంటుంది. వోల్టులను ఎం.ఏ.హెచ్.తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. 7.4 వోల్టుల 1500 ఎం.ఏ.హెచ్. బ్యాటరీ 11.1 వాట్ అవర్లే. ఇది తెలియక పెద్ద పెట్టెలో పెడితే తనిఖీలో బ్యాటరీ తీసేస్తారు. ఇంటికి చేరేది ఉత్త కారే.

స్ప్రేయరు బ్యాటరీ పనికివస్తుందా?

పిల్లలు ఎక్కి నడిపే పెద్ద కార్లలో 6 లేదా 12 వోల్టుల సీసం బ్యాటరీ వుంటుంది. రైతుల ఇళ్లలో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లలోనూ చాలావాటిలో 12 వోల్టుల సీసం బ్యాటరీయే వుంటుంది. పాత బ్యాటరీ పోయినప్పుడు రెండింటి చీటీలను పక్కపక్కన పెట్టి చూసుకుంటే, వోల్టు, కొలతలు, ప్లస్ మైనస్ కొసలు కలిసినవి వ్యవసాయ పనిముట్ల దుకాణంలోనే దొరకవచ్చు. 12 వోల్టుల సీసం చార్జరు 12 వోల్టుల సీసం బ్యాటరీకే వాడాలి. 6 వోల్టులదానికి పెట్టరాదు. ఆ చార్జరును చేతిలో పట్టే చిన్న రిమోటు కారు బ్యాటరీకి తగిలించడం అసలే కూడదు. చార్జరు వైపు నుంచి దాదాపు 14 వోల్టులు వస్తాయి. చిన్న బ్యాటరీ పేలే ప్రమాదం వుంది.

సీసం బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే చచ్చిపోతుంది. పరీక్షల కాలంలో కారు మూలన పెట్టినా నెలకో, రెండు నెలలకో ఒకసారి చార్జి చేయాలి. లిథియంది దీనికి భిన్నం. దానిని నిండుగానూ వద్దు, ఖాళీగానూ వద్దు, సగం చార్జితో నీడలో దాచాలి.

ఎండలు, పత్తి, పరుపులు

మన జిల్లాలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలకు మించిన వేడిలో చార్జి చేయరాదు. స్లాబు మీద, రేకుల కింద, ఎండలో నిలిపిన బండి పెట్టెలో పెట్టరాదు. ఆట ముగిసిన వెంటనే బ్యాటరీ వేడిగా వుంటుంది. పదిహేను, ఇరవై నిమిషాలు చల్లారనిచ్చి చార్జింగు పెట్టాలి.

చార్జింగు పెట్టే చోటు కూడా ముఖ్యం. పరుపు, దిండు, నిలువ చేసిన పత్తి, బీడీ ఆకు గంప, గడ్డి వామి దగ్గర వద్దు. బండ మీదనో, సిమెంటు గచ్చు మీదనో, పెద్దల కంటి ముందు పెట్టాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జి చేయరాదు. గుచ్చి గాలి తీయడం, నొక్కి గూడులో కుక్కడం చేయరాదు. కింద పడి సొట్టపోయినదాన్నీ వాడరాదు. ఒకవేళ పొగ వస్తే మెయిన్ ఆపాలి, పిల్లలను బయటికి పంపాలి, ఆ పొగ పీల్చరాదు. చిన్న బ్యాటరీ అయితే మెయిన్ ఆపిన తర్వాత దూరం నుంచి నీళ్లు బాగా పోసి చల్లబరచవచ్చు. మంట పెరిగితే 101కు ఫోను చేయాలి.

ఇంకొక ముప్పు కొన్ని రిమోట్లలో దాగి వుంటుంది. వాటిలో రూపాయి బిళ్లలాంటి గుండీ సెల్లు వుంటుంది. దానిని పసివాళ్లు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చడం మొదలుపెడుతుంది. అన్నం పెట్టడం, వాంతి చేయించడం, మందులు పోయడం చేయకుండా 108 పిలిచి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. మరతో బిగించే మూత వున్న రిమోటునే కొనాలి.

చెడిందా? ముందు కొలవండి

కారు నెమ్మదిగా వెళుతున్నా, ఒకే వైపు తిరుగుతున్నా, రిమోటుకు పలకకున్నా ముందుగా సెల్లులను అనుమానించాలి. రిమోటు సెల్లులు తగ్గినా కారు చెప్పిన మాట వినదు. సెల్‌ఫోను మరమ్మతు చేసేవారి వద్ద మల్టీమీటరు వుంటుంది. నిండా చార్జి అయిన నికెల్ సెల్లు సుమారు 1.4 వోల్టులు చూపుతుంది. 1 వోల్టుకు దిగితే ఖాళీ. లిథియం సెల్లు నిండితే 4.2, మూడుకు దిగకముందే ఆట ఆపాలి. రెండున్నర కంటే కిందికి పోయినదాన్ని బతికించే ప్రయత్నం చేయరాదు. కొలిచి చూడకుండా కొత్త కారు కొనడం డబ్బు పారేసుకోవడమే.

కొనేముందు ఇవి చూడండి

కేంద్ర ప్రభుత్వం 2020లో జారీచేసిన బొమ్మల నాణ్యత ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం బొమ్మల మీద ఐ.ఎస్.ఐ. గుర్తు వుండాలి. లిథియం బ్యాటరీల మీద, అడాప్టర్ల మీద బి.ఐ.ఎస్. గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు వుంటాయి. ఆ నంబరును బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో వేసి చూస్తే అసలుదో కాదో తెలుస్తుంది. మోసపోయినవారు బిల్లు వుంటే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేయవచ్చు. జాతరలో బిల్లు అడగడం నామోషీ అనుకోరాదు.

బిల్లుతో పాటు దుకాణం ముందే మరో అయిదు సంగతులు తేల్చుకోవాలి. బ్యాటరీ ఏ రకం? ఎన్ని వోల్టులు? చార్జరు అదే రకానికి, అదే వోల్టుకు తయారైనదేనా? నిండగానే తానే ఆగుతుందా? ఇదే బ్యాటరీ విడిగా మళ్లీ దొరుకుతుందా? చివరి ప్రశ్నకు లేదన్న జవాబు వస్తే ఆ కారు ఎంత చవకైనా వదిలేయడం మేలు. బ్యాటరీ పోయిన నాడే దాని ఆయుష్షు తీరినట్లు లెక్క.

పాత బ్యాటరీలను చెత్తలో కలపరాదని 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. తయారీదారులే వాటిని తిరిగి సేకరించే బాధ్యత వహించాలి. పంచాయతీ ట్రాక్టరులో పడిన లిథియం సెల్లు నలిగితే మంటలు లేవవచ్చు. పొయ్యిలో వేస్తే పేలుతుంది. కాడ్మియం, సీసం విషపదార్థాలు, అవి నేలలో కలిస్తే బావి నీటికీ చేటు. సీసం బ్యాటరీని దుకాణంలో తిరిగి ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు. మిగతావాటి కొసలకు టేపు అంటించి, పిల్లలకు అందకుండా దాచి, పట్టణానికి వెళ్లినప్పుడు ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించాలి.

అటక మీద వున్న కారును పారేయకుండా ఒకసారి దించి, మూత విప్పి, బ్యాటరీ మీది అంకెలు చదివి చూడాలి. కారు ధరలో కొద్దిపాటి ఖర్చుతో తగిన బ్యాటరీ, సరైన చార్జరు సమకూరితే ఆ కారు మళ్లీ పరుగెత్తే అవకాశం ఎక్కువ. కొత్తది కొనాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట.